ఏ అమ్మకు బిడ్డా? నల్గొండలో ఒక కుండల కొట్టు

నల్గొండ ప్రకాశం బజార్ నుంచి లోపలికి పోయే ఒక ఇరుకు సందులో బోర్డు లేని కొట్టు ఉంది. కుండలవ్వ కొట్టు ఎక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు. బోనం కుండలు, గురుగులు, ప్రమిదలు, కూరాడు కుండలు, పెళ్లిళ్లకు ఐరేని కుండలు, బతుకమ్మ పేర్చడానికి సిబ్బులు, పెత్రమాస (భాద్రపద అమావాస్య) ముందు పూలు, పీర్ల పండుగకు ఊదు, డిసెంబర్‌లో కొవ్వొత్తులు, కాగితం నక్షత్రాలు. ఏ నెలలో ఏ పండుగ ఉంటే ఆ నెల కొట్టు ముందర ఆ సామాను ఉంటుంది. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇంటికీ బడికీ కావలసిన పండుగ సామాను చాలా ఏళ్లుగా ఇక్కడే కొంటున్నాను. ఈ చుట్టుపక్కల ఎవరు బోనం ఎత్తాలనుకున్నా మొదట ఇక్కడికే వెళ్లమని చెబుతాను.

మిగతా కొట్లలో లేనిది ఇక్కడ ఒకటుంది. ధర అడిగితే అవ్వ వెంటనే చెప్పదు. "ఏ అమ్మకు బిడ్డా?" అని అడుగుతుంది. బోనం కుండ కావాలంటే ఏదో ఒకటి చేతిలో పెట్టి డబ్బులు తీసుకోవచ్చు కదా, అట్లా చేయదు. పోచమ్మకా, కట్టమైసమ్మకా, ముత్యాలమ్మకా, ఎల్లమ్మకా తెలియాలి. పోచమ్మకంటే "సల్లదనం గావాలె, పెరుగన్నం వండు, ఉల్లిగడ్డ మరువకు" అంటుంది. మైసమ్మకంటే చెరువు కట్ట మీది మైసమ్మా, ఊరి బయటి మైసమ్మా అని మళ్లీ అడుగుతుంది. ఇంట్లో పిల్లలకు అమ్మ పోసి తగ్గిందని మొక్కు తీర్చుకునేవాళ్లకు ఇచ్చే కుండ చిన్నది. దాంతో పాటు వేపమండ ఊరికే ఇస్తుంది, డబ్బు తీసుకోదు. ఈ అడగడం వ్యాపారం కోసం కాదు. వాళ్ల ఇంటి పెద్దలు ఊళ్లో పోచమ్మకు పూజ చేసినవాళ్లు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల పోచమ్మ పూజారి కుమ్మరే. అంటే మీకు కుండ అమ్ముతున్న ఆమె ఒక లెక్కన ఆ గుడి మనిషే.

ఇక కుండ సంగతి. చెరువు ఒండ్రుమట్టితో సారె మీద చేసి ఆవంలో కాల్చినవే ఉంటాయి, అచ్చులో పోసినవి ఉండవు. అవ్వ ప్రతి కుండనూ వేళ్ల కణుపులతో కొట్టి వినిపిస్తుంది. ఖంగుమని మోగితే సరే, మోగకుండా దబ్బుమంటే పక్కన పెట్టేస్తుంది. ఇంటికి తీసుకెళ్లాక రాత్రంతా నీళ్లు పోసి ఉంచమంటుంది. పొద్దున్నే అడుగున చెమ్మ కన్నా ఎక్కువ కనిపిస్తే తిరిగి తీసుకుంటుంది, మారుమాట్లాడదు. కుండ మీద సున్నం, జాజు, పసుపు మాత్రమే. వాటితోనే చుక్కలు, గీతలు మనల్నే పెట్టుకోమంటుంది. ముందే అలంకరించి ఇమ్మంటే అవ్వ కోడలు పెట్టిస్తుంది, దానికి కొంచెం ఎక్కువ అవుతుంది. మా ఆడబిడ్డ పోయినేడు ఆన్‌లైన్‌లో అద్దాలు అతికించి, పెయింట్ వేసిన బోనం సెట్ తెప్పించింది. చూడటానికి చాలా బాగుంది. పాలు, బెల్లం వేసి పొయ్యి మీద పెట్టగానే పెయింట్ పొరలుపొరలుగా లేచింది, వండిన అన్నమంతా ఆ వాసనే. బోనం అంటే షోకేసులో పెట్టే వస్తువు కాదు, వండి అమ్మకు పెట్టి తర్వాత మనం తినేది. అలాంటిదాన్ని వండటానికి పనికిరాకుండా తయారు చేసి అమ్మడం నాకు కోపం తెప్పించింది.

హైదరాబాద్‌లో లష్కర్ బోనాల గురించి అందరికీ తెలుసు. 1813లో జంటనగరాల్లో ప్లేగు ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న మిలిటరీ వాళ్లు అక్కడి మహంకాళికి మొక్కుకుని, తిరిగొచ్చాక సికింద్రాబాద్‌లో అమ్మను నిలిపారని చెప్పుకుంటారు. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి. మా వైపు పల్లెల్లో బోనానికి ఈ తేదీలేవీ లేవు. మునుగోడు వైపు మా అత్తగారి ఊళ్లో పోచమ్మ అంటే వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి. శ్రావణంలో ఊరంతా ఒకేరోజు బోనాలు తీస్తారు. మంత్రాలు చదివే అయ్యగారు ఉండరు. డప్పు ఉంటుంది, అమ్మకు పోసే కల్లు సాక ఉంటుంది, పూనకం వచ్చిన ఆడమనిషి మాట ఉంటుంది. ముత్యాలమ్మ, పోచమ్మ అంటే మా అమ్మమ్మల కాలంలో మశూచి భయం. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి భూమ్మీద లేదని ప్రకటించింది. రోగం పోయినా బోనం పోలేదు. వానలు పడి, కొత్త నీళ్లు వచ్చి, పిల్లలకు జ్వరాలు మొదలయ్యే కాలంలో ఇంకా వేపాకు, పసుపు చేతపట్టుకుని ఆ రాయి దగ్గరికే వెళ్తున్నాం. నేను క్లాసులో టీకా పాఠం చెప్పిన వారమే బోనం ఎత్తుకుంటాను. రెండింట్లో దేనికీ నేను తప్పుకోను.

ఈ కొట్లో నాకు అన్నిటికన్నా విలువైనది మాత్రం కూరాడు కుండ. టౌన్‌లో ఇంకెక్కడా నాకు కనపడలేదు. వంటింట్లో ఒక మూల కుదురు మీద పెట్టి, గంజి, బియ్యం కడిగిన నీళ్లు పోసి పులవనిచ్చే కుండ. ఆ కలితో ఒకప్పుడు కూరలు, అంబలి కాచుకునేవారు. మా అత్తమ్మకు ఆ కుండే ఇంటి దేవత. పండుగ రోజు మొదటి పసుపు బొట్టు దానికే, తర్వాతే గోడ మీది ఫోటోలకు. తలస్నానం చేయకుండా ముట్టనివ్వదు. మేము కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు గ్రానైట్ ప్లాట్‌ఫారం మీద దానికి చోటెక్కడ అని మేస్త్రీ నవ్వాడు. అత్తమ్మ సింకు పక్కన మూల చూపించి అక్కడ పెట్టించింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను తొమ్మిదో తరగతికి రోమ్ గురించి చెప్పేటప్పుడు ఈ కుండ ప్రస్తావన తెస్తాను. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయి ఊరిని తవ్వితే, ఇళ్లల్లో చిన్న చిన్న దేవుడి గూళ్లు బయటపడ్డాయి. వాటిలో చాలా వంటిళ్లలోనే ఉన్నాయి. గోడ మీద ఇంటిని కాపాడే దేవతల బొమ్మలు, కింద బలిపీఠం వైపు వస్తున్న పాములు. నాగుల పంచమికి పుట్టలో పాలు పోసే ఇంటి పిల్లలకు ఆ బొమ్మ చూపిస్తే ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఆ దేవతలకు రోజూ ఇంత తిండి, ఇంత ద్రాక్షసారా, ధూపం, పూలదండ పెట్టేవారు. క్రీ.శ. 392లో థియొడోసియస్ చక్రవర్తి ఒక చట్టం చేశాడు. గుళ్లల్లో బలులే కాదు, ఇంట్లో కూడా ఇంటి దేవతలకు దీపం వెలిగించకూడదు, ధూపం వేయకూడదు, దండ వేలాడదీయకూడదు. చెట్టుకు పట్టీలు కట్టి పూజించకూడదు. అలా చేసిన ఇల్లో పొలమో సర్కారు జప్తు చేసుకుంటుంది. క్రైస్తవానికి ముందున్న ఈ ఆరాధనలన్నిటినీ ఇప్పుడు పేగన్ మతాలంటున్నారు. నాకు ఆ చట్టం చదివినప్పుడల్లా అత్తమ్మ సింకు పక్కన మూల గుర్తొస్తుంది. అంత పెద్ద సామ్రాజ్యం భయపడింది వంటింట్లో దీపానికా అనిపిస్తుంది.

రోమ్‌కూ నల్గొండకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు. వాళ్ల దేవతలు వేరు, మన అమ్మలు వేరు. పేగన్ అనే పేరు కూడా మన పోచమ్మకు పెట్టాలని నాకు లేదు, అది వేరేవాళ్ల చరిత్రలో పుట్టిన మాట. కానీ తిండి వండే చోట దేవతను పెట్టుకోవడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ మ్యూజియం అద్దం వెనక ఉన్నదాన్ని ఇక్కడ నూట యాభై రూపాయలిచ్చి ఇంటికి తెచ్చుకోవచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదనే ఇంత రాస్తున్నాను. మా చుట్టుపక్కల ఊళ్లల్లో పోచమ్మ రాయి చుట్టూ టైల్స్ వేసి, గోపురం కట్టి, కల్లు సాక వద్దని, డప్పు గేటు బయటే ఆపమని చెప్పడం మొదలైంది. గుడి కట్టుకుంటే తప్పులేదు. అప్పటిదాకా పూజ చేసిన కుమ్మరి, డప్పు కొట్టిన మనిషి గేటు బయట నిలబడితే మాత్రం నాకు నచ్చదు. అవ్వ దీని గురించి ఎక్కువ మాట్లాడదు. "అమ్మ ఏడికీ పోదు బిడ్డా, గుడి మారినా రాయి అదే గదా" అంటుంది. నాకు ఆమెకున్నంత నిబ్బరం లేదు.

బతుకమ్మ రోజులు ఈ కొట్టు చూడవలసిన రోజులు. పెత్రమాసకు ముందు రోజు సాయంత్రం నుంచే గోనెసంచుల మీద తంగేడు, గునుగు, కట్లపూలు, సీతజడలు, బంతి కుప్పలు పోసి ఉంటాయి. వెదురు సిబ్బులు గట్టిగా అల్లినవి, అంచు గీరుకోదు. అడుగున పరవడానికి గుమ్మడాకులు అడిగితేనే లోపలి నుంచి తెచ్చిస్తారు, కాబట్టి అడగండి. థర్మాకోల్ దిమ్మలు ఇక్కడ అమ్మరు. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాడు వల్లభరావు చెరువులో ఆ థర్మాకోల్ ముక్కలు తేలడం చూస్తే, వీళ్లు అమ్మకపోవడం ఎంత మంచిదో అర్థమవుతుంది. పసుపు గౌరమ్మను మాత్రం ఇంట్లోనే చేసుకోవాలి. రెడీమేడ్ గౌరమ్మ కావాలని ఎవరో అడిగితే కోడలు పసుపు పొట్లం చేతిలో పెట్టి, "గిన్ని నీళ్లు కలిపితే అయిపాయె వదినా" అని పంపించడం విన్నాను.

బంతి గురించి ఒక మాట. మన బతుకమ్మలో అంత నిండుగా కనిపించే ముద్దబంతి మొక్క పుట్టిల్లు మెక్సికో. క్రైస్తవం రాకముందే అక్కడి అజ్‌టెక్ జనం ఆ పువ్వును పూజల్లో వాడేవారు. 1521లో స్పెయిన్ వాళ్లు వాళ్ల రాజధానిని గెలిచి, గుళ్లు పడగొట్టి, చర్చిలు కట్టారు. అయినా ఇప్పటికీ నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్లు ఇంటికొస్తారని దారి పొడవునా బంతిపూల రేకులు పరుస్తారు. అదే పువ్వు ఐరోపా ఓడల మీద మన దేశానికి వచ్చి, మన దగ్గర కూడా పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడే బతుకమ్మలో చేరింది. దీనికి కారణం ఎవరూ ప్లాన్ చేసింది కాదు, ఆ రుతువులో పూసే పువ్వు అది. పాత ఆరాధన అంటే కొత్తదేదీ రానివ్వకుండా తలుపు వేసుకున్నదనుకునేవాళ్లకు నేను ఈ బంతిపూల సంగతే చెబుతాను. తంగేడు, గునుగు మన గుట్టలవి, చెలకలవి. బంతి సముద్రం దాటొచ్చింది. సిబ్బిలో మూడూ పక్కపక్కనే ఉంటాయి.

పూల విషయంలో ఒక లోపం కూడా చెప్పాలి. గునుగుకు వేసే రంగు బాగాలేదు. గులాబీ, ఆకుపచ్చ రంగులు చేతికి అంటుకుంటే మూడు రోజులు పోవు, చీర కొంగుకు అంటితే అసలే పోవు. రంగు వేయని తెల్ల గునుగు అడిగితే తక్కువ ఉంది అంటారు. పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టడం పెరిగాక గునుగే తగ్గిపోయిందని కోడలు చెప్పింది. అది నిజమే, మా ఊరి చెలకల్లోనూ కనబడటం లేదు. సద్దుల ముందు రోజు తంగేడు ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మకు ఇచ్చినంత కట్ట సద్దులకు రెండింతల ధర అవుతుంది. గుట్టలకు పోయి కోసుకొచ్చే ఆడవాళ్లకు ఆ ఒక్క వారమే నాలుగు డబ్బులు, కాబట్టి నేను బేరం ఆడను.

పీర్ల పండుగకు ఊదు, కొబ్బరి కుడుకలు, మలీద కోసం బెల్లం ఉంటాయి. మా పల్లెల్లో పీర్లు ఎత్తేవాళ్లలో సగం మంది హిందువులే కాబట్టి కొనేవాళ్లూ అట్లాగే ఉంటారు. జనవరిలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు కందూరు (మొక్కు విందు) చేసేవాళ్లు వండటానికి పెద్ద కాగులు తీసుకెళ్తారు. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ముందు కొట్టు నిండా గంపలు, పసుపు. లింగమంతుల స్వామికి, చౌడమ్మకు బోనాలు తీసుకెళ్లే యాదవుల ఆడపడుచులు ఒక్కొక్కరు మూడు నాలుగు కుండలు కొంటారు. ఆ వారం మామూలు గిరాకీకి పోతే నిలబడటానికి కూడా చోటుండదు.

డిసెంబర్ నెల గురించి విడిగా రాయాలనిపించింది. నల్గొండ 1976 నుంచి కేథలిక్ మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, ఇక్కడ క్రిస్మస్ పెద్ద పండుగ. మా పక్కింటి అక్క వాళ్లు తరతరాలుగా క్రైస్తవులు. ఆమె కూడా నాతో ఇదే కొట్టుకు వస్తుంది. అవ్వ ఆమెను "ఏ అమ్మకు" అని అడగదు, "పశువుల పాకకా, గుమ్మానికా?" అని అడుగుతుంది. పశువుల పాకకంటే మట్టి బొమ్మలు తీస్తుంది. బాల యేసు, మరియమ్మ, యోసేపు, గొర్రెలు, ఒక ఎద్దు. ఎద్దు అచ్చం ఏరువాక నాటి ఎద్దులాగే ఉంటుంది, మూపురంతో సహా. ఎందుకంటే రెండూ చేసేది ఆ చేతులే. రంగుల్లేని మట్టి బొమ్మలే తీసుకోండి, రంగు వేసినవాటి మొహాలు బాగుండవు. కొవ్వొత్తులు నాణ్యమైనవి, వత్తి మధ్యలోనే ఉంటుంది, ఒకవైపు కరిగిపోవు. కాగితం నక్షత్రాలు మాత్రం బయటి నుంచి తెప్పించినవి, గాలికి ఆగవు. అవి వేరేచోట కొనుక్కోవడం మేలు.

ఒకసారి అక్క కొవ్వొత్తులు ఏరుతుంటే రోమ్ పండుగ గురించి చెప్పాను. రోమన్లు డిసెంబర్ 17న శాటర్న్ దేవుడి పండుగ మొదలుపెట్టేవారు. కొన్ని రోజులు దుకాణాలు, కోర్టులు బంద్. బానిసలకు యజమానులే వడ్డించేవారు. ఒకరికొకరు ఇచ్చుకునే కానుకలు ఏమిటంటే మైనపు కొవ్వొత్తులు, చిన్న మట్టిబొమ్మలు. ఆ బొమ్మలు అమ్మడానికి ప్రత్యేకంగా సంత కూడా పెట్టేవారు. అక్క చేతిలో అప్పుడు ఉన్నవి సరిగ్గా ఆ రెండే. ఆమె కాసేపు చూసి, "అయితే ఏసయ్య పుట్టినరోజు వాళ్ల పండుగేనా టీచర్?" అని అడిగింది. అంత తేలిగ్గా అవునని చెప్పలేం. క్రీ.శ. 354 నాటి రోమన్ పంచాంగంలో డిసెంబర్ 25 దగ్గర ఒక జాబితాలో ఓటమిలేని సూర్యదేవుడి పుట్టినరోజు అన్నట్టుగా ఉంది, మరో జాబితాలో క్రీస్తు పుట్టినరోజని ఉంది. ఏది ముందు, ఏది దేన్ని చూసి పెట్టారు అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. క్రిస్మస్ చెట్టు అంత పాతది కాదు, 16వ శతాబ్దంలో జర్మన్ భాష మాట్లాడే ఊళ్లల్లో ఇళ్లలోకి వచ్చింది. గుమ్మానికి పచ్చని ఆకులు, దీపాలు మాత్రం చాలా పాతవి. క్రీ.శ. 200 ప్రాంతంలో టెర్టుల్లియన్ అనే క్రైస్తవ పండితుడు, పేగన్ల గుమ్మాల కన్నా మనవాళ్ల గుమ్మాలకే దీపాలు, ఆకుల దండలు ఎక్కువ కనబడుతున్నాయని బాధపడ్డాడు. మామిడి తోరణం లేకుండా గృహప్రవేశం చేసుకోని మన క్రైస్తవ కుటుంబాలను చూసినదాన్ని కాబట్టి ఆయన బాధ నాకు బాగా అర్థమవుతుంది, కానీ నా మనసు తోరణం కట్టినవాళ్ల వైపే ఉంటుంది.

క్రీ.శ. 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండ్ వెళ్తున్న మెల్లిటస్ అనే మఠాధిపతికి రాసిన ఉత్తరం సంగతి కూడా అక్కకు చెప్పాను. గుళ్లను కూల్చవద్దు, విగ్రహాలను తీసేసి పవిత్ర జలం చల్లి అక్కడే ప్రార్థనలు చేయండి, జనం ఎడ్లను బలి ఇచ్చే అలవాటు మానలేరు కాబట్టి పండుగ రోజు చర్చి చుట్టూ కొమ్మలతో పందిళ్లు వేసుకుని, అవే ఎడ్లను కోసుకుని దేవుడి పేరున విందు చేసుకోనివ్వండి అని రాశాడు. కొమ్మల పందిరి, ఊరంతా కలిసి తినడం అనేసరికి అక్క, "మా చర్చి పండుగకు పందిరేస్తాం గదా" అంది. అవ్వకు రోమ్, పోప్ ఇవేవీ పట్టలేదు. "మట్టి బొమ్మలు ఇచ్చుకున్నరా? మంచిపని" అని మాత్రం అంది.

లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. కొట్టు చాలా ఇరుకు, లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు బయటే ఉండాలి. బండి సందులోకి రాదు, గడియారం సెంటర్ వైపు ఎక్కడైనా పెట్టి నడవాలి. కుంకుమ ఇక్కడ కొనకండి. చవక రంగు కలిపింది, నుదుట మంట పుడుతుంది, కోడలికి చెప్పాను, మారుస్తామంది గానీ ఇంకా మార్చలేదు. గడ్డి చుట్టి ఇస్తారు కానీ బస్సులో దూరం పోయేవాళ్లకు ఆ చుట్టు సరిపోదు, పాత చీర ఒకటి తీసుకెళ్లండి. ఫోన్‌పే ఉంది, బిల్లు ఇవ్వరు. బడికని కొని బిల్లు కావాలంటే టెన్షనే, నేను చీటీ మీద రాయించుకుని సంతకం పెట్టించుకుంటాను.

ధరలు నేను చివరిసారి కొన్నప్పటివి. బోనం కుండ, పైన గురిగి, ప్రమిద కలిపి సెట్ 280 రూపాయలు, అలంకరణతో 400. కూరాడు కుండ సైజును బట్టి 150 నుంచి. ప్రమిదలు డజను 40. వెదురు సిబ్బి 180. పశువుల పాక బొమ్మలు మొత్తం సెట్ 600, విడిగా ఒక్కో గొర్రె 30. పోచమ్మ బోనాలకు శనివారమే వెళ్లి తెచ్చుకోండి, ఆదివారం పొద్దున మిగిలేవి మోగని కుండలే. కూరాడు కుండ అడిగితే మాత్రం అవ్వ ఉన్నప్పుడు వెళ్లాలి. ఎట్లా నిలపాలో, మొదటిరోజు ఏం పోయాలో ఆమె చెప్పినంత ఓపికగా ఇంకెవరూ చెప్పలేరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆమె ఇంటికి పోతుంది. పెళ్లికి ఐరేని కుండలు కావాలంటే నెల ముందే చెప్పి రావాలి, డప్పులతో వచ్చి తీసుకెళ్లే పద్ధతి ఉందా లేదా అప్పుడే చెప్పండి. అట్లా వచ్చేవాళ్లు కుమ్మరికి ఇచ్చే కట్నం బియ్యం, చీర, డబ్బు అన్నీ వేరుగా ఉంటాయి, అవి కోడలితో ముందే మాట్లాడుకుంటే ఆరోజు ఎవరికీ మనసు నొచ్చుకోదు.